తలుపు చెక్కతో గిటారు

(డర్బన్‌లో జరిగిన ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నన్ను పిలిచి, "మీరు చిన్నప్పుడు బడిలో మీ చేతులతో గిటారు చేశారట గదా, దాన్ని గూర్చి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. మన ఉత్సవంలో గిటారు మాట ఎందుకండీ, వీణను గూర్చి తెలిసినవారిని పిలవరాదా అన్నాను. "వారు కచేరీ చేస్తారు, మీరు మాట్లాడండి" అన్నారు. సరేనని వచ్చాను. నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. నా తెలుగు మా అవ్వ దగ్గర నేర్చుకొన్న తెలుగు. అందులో చిత్తూరు సీమ మాటలు కొన్ని, జులూ మాటలు కొన్ని, ఇంగ్లీషు మాటలు చాలా ఉంటాయి. అక్షరాలు సాయంకాలపు బడిలో పెద్దయ్యాక నేర్చుకొన్నాను. తప్పులుంటే మన్నించాలి.

గిటారు కథ చెప్పాలంటే ముందు ఒక తలుపు కథ చెప్పాలి.

మా తాత చిన్నపిల్లవాడుగా తల్లిదండ్రులతో ఓడ దిగాడు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను తెచ్చిన తరువాత, 1911లో ఆ రాక ఆగిపోయేదాకా వచ్చినవారిలో మావాళ్ళు చివరి కాలం వాళ్ళు. చెరకు తోటలో ఒప్పందం తీరినాక తాత కేటో మానర్‌లో కొంత నేల కౌలుకు తీసుకొని అరటి, వంగ, మిరప, కొత్తిమీర వేశాడు. ఇల్లు చెక్కలతో, రేకులతో కట్టినది. వర్షం వస్తే మాట వినపడేది కాదు. ఆ ఇంట్లో మంచి వస్తువు అంటూ ఒకటే ఉండేది, వీధి తలుపు. ఊళ్ళో ఏదో పాత బంగళా పడగొడుతుంటే తాత దాన్ని కొని బండిమీద వేసుకొని వచ్చాడట. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, నాలుగు పలకలు. ఆరెగాన్ పైను అంటారు ఆ చెక్కను. అమెరికా పడమటి తీరం నుంచి ఓడల్లో వచ్చేది. మా అవ్వ ప్రతి శుక్రవారం ఆ తలుపు కడిగి, గడపకే గాక తలుపు పలకలకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. ఏళ్ళ తరబడి రాసిన పసుపు చెక్కలోకి ఇంకిపోయింది. కడిగినా పోయేది కాదు.

1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. 1958లో కేటో మానర్ తెల్లవారికే అని ప్రకటించారు. ఈ సభలో తెల్లజుట్టు ఉన్నవారికి దీన్ని గూర్చి నేను చెప్పనక్కరలేదు. మా వంతు 1964లో వచ్చింది. నాకు పన్నెండేళ్ళు. కూరగాయల లారీలో సామాను వేస్తుంటే మా నాయన గునపం తీసుకొని పోయి తలుపును బందులతో సహా ఊడదీసి తెచ్చాడు. అమ్మ, "అది ఎందుకయ్యా, అక్కడ తలుపులు ఉంటాయట" అంది. నాయన జవాబు చెప్పలేదు.

చాట్స్‌వర్త్‌లో మాకిచ్చిన ఇంటికి తలుపులు ఉన్నాయి, నిజమే. ఐతే ద్వారబంధాలు చిన్నవి. మా తలుపు వాటిలో దేనికీ పట్టలేదు. దాన్ని కోసి చిన్నది చేయమని ఇరుగుపొరుగువారు చెప్పారు. నాయన వినలేదు. వెనుక గోడకు ఆనించి, పైన ఒక తుప్పు రేకు కప్పాడు. ఎప్పటికైనా దానికి తగిన గది కడతానని ఆయన ఆశ. అప్పటికి ఆయన తోట పోయింది. చొక్కాల కర్మాగారంలో నేల ఊడ్చే పని దొరికింది. గది ఎక్కడినుంచి వస్తుంది?

ఇక గిటారు. 1967లో నేను స్టాండర్డు 8 చదువుతున్నాను. మగపిల్లలకు వడ్రంగం, ఆడపిల్లలకు వంట, కుట్టు. ఇప్పటి పిల్లలకు ఇది విడ్డూరంగా ఉంటుంది. మొదటి రెండేళ్ళు పెన్సిలు పెట్టె, పళ్ళెం, చిన్న స్టూలు చేయించారు. మూడో ఏట మాత్రం, "మీకు నచ్చినది చేయండి, ఐతే ముందు బొమ్మ గీసి నాకు చూపాలి" అన్నారు మాస్టారు. అందరూ టీ బల్ల, పుస్తకాల అర అన్నారు. నేను గిటారు అన్నాను. తరగతి అంతా నవ్వింది.

మాకు అప్పుడు టెలివిజన్ లేదు, ఈ దేశానికి అది 1976లో గాని రాలేదు. రాత్రిళ్ళు లారెంసో మార్క్ నుంచి ఎల్.ఎం. రేడియో వినేవాళ్ళం. మన డర్బన్ కుర్రవాళ్ళే 'ద ఫ్లేమ్స్' అని బృందం పెట్టి ఊరు ఊగించేవారు. వారిలో ఇద్దరు, బ్లాండీ చాప్లిన్, రికీ ఫతార్, అమెరికా పోయి 1972లో 'బీచ్ బాయ్స్'లో చేరారంటే చూడండి. మేమంతా గాలన్ నూనె డబ్బాకు కర్ర కొట్టి చేపల గాలపు దారం బిగించి వాయించినవాళ్ళమే. కొట్లో గాలోటోన్ అని ఈ దేశంలోనే తయారైన చవక గిటారు ఉండేది. 1957 జులైలో లివర్‌పూల్ చర్చి ఉత్సవంలో జాన్ లెనన్ పాల్ మెకార్ట్నీని మొదటిసారి కలిసిన రోజున లెనన్ వాయించినది అదే రకం గిటారు అని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. చవక గిటారు అంటున్నాను గాని, మా ఇంట్లో ఆ మాట అనే ధైర్యం లేదు.

మాస్టారు నవ్వలేదు. వారం తరువాత ఒక పాత పుస్తకం తెచ్చి, "గోధుమరంగు కాగితంమీద అసలు కొలతకు గీసుకొని రా" అన్నారు. గీశాను. అప్పుడు చెప్పారు నాకు, గిటారులో ముఖ్యమైనది పైపలక అని. తీగ కంపనం గుర్రం గుండా పైపలకకు చేరుతుంది. తీగ సన్నది, అది కదిలించే గాలి కొంచెమే. పలక వెడల్పైనది గనుక అది కదిలితే గది నిండుతుంది. స్పెయిన్ దేశంలో టోరెస్ అని ఒక మహా పనివాడు ఉండేవాడు. 1862లో ఆయన ఈ సంగతి రుజువు చేయడానికి పక్కలు, వెనుకభాగం కాగితపు గుజ్జుతో చేసి, పైపలక ఒక్కటి మాత్రం మంచి చెక్కతో చేశాడు. ఆ గిటారు చక్కగా పలికింది. అందువల్ల పైపలకకు మెత్తని జాతి చెక్క, ముళ్ళు లేనిది, రేఖలు దగ్గరగా, నిటారుగా ఉన్నది, బాగా ఆరినది కావాలి. బడి కొట్టులో ఉన్న పైను చెక్క నిండా ముళ్ళే. "ఎక్కడైనా పాత ఇంటి చెక్క దొరుకుతుందేమో చూడు, యాభై ఏళ్ళు ఆరినదైతే మరీ మంచిది" అన్నారు.

ఆ మాట వినగానే నాకు తెలిసిపోయింది. ఇంటికి పోయేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక ఆదివారం నాయన చావు ఇంటికి పోయాడు. అమ్మ బట్టలు ఉతుకుతోంది. అవ్వ నిద్రపోతోంది. రేకు తొలగించి, పైనున్న రెండు పలకల్లో ఒకదాని చుట్టూ ఉన్న సన్న పట్టీలను ఉలితో ఊడదీశాను. పలక చేతిలోకి వచ్చేసింది. పదకొండు అంగుళాల వెడల్పు, మూడడుగుల పొడవు, అర అంగుళం మందం. రేకు మళ్ళీ కప్పాను. మరునాడు గోనెపట్టాలో చుట్టి బడికి పట్టుకుపోయాను. మాస్టారు అడిగితే, "ఇంట్లో పడి ఉన్న చెక్క సార్" అన్నాను. పడి ఉన్నమాట నిజమే. అందుకే అది మరీ పెద్ద అబద్ధం.

మాస్టారు దాన్ని పట్టీరంపం మిషను మీద నిలబెట్టి, మందం సగానికి చీల్చారు. ఆ వాసన నాకిప్పటికీ గుర్తు. పైన ఎంత పాతదైనా, లోపల ఆ చెక్క నిన్న కొట్టిన చెట్టులా జిగురు వాసన వేసింది. చీల్చిన రెండు రేకులను పుస్తకం తెరిచినట్టు తెరిచి పక్కపక్కన పెడితే కుడివైపు రేఖలు ఎడమవైపు అద్దంలో చూసినట్టు ఉంటాయి. గిటారు పైపలక సాధారణంగా అలాగే రెండు ముక్కలు అతికి చేస్తారు. చీల్చిన ముఖాలు పైకి వస్తాయి, పాత ముఖాలు కిందికి పోతాయి. అంటే మా తలుపు బయటి ముఖం గిటారు లోపలికి పోయింది. దానిమీద అవ్వ పసుపు ఉంది. లోపల బిగింపు పట్టీలు అతికించే చోట చిత్రిక పట్టక తప్పలేదు. చిల్లు కింద జానెడు మేర మాత్రం ముట్టుకోకుండా వదిలేశాను. అంగుళంలో ఎనిమిదో వంతు మందానికి దించడానికి మూడు వారాలు పట్టింది. ఎక్కువ పట్టిస్తే కూలుతుంది, తక్కువ పట్టిస్తే మూగదవుతుంది.

పక్కలకు, వెనుకకు బడి కొట్టులో మిగిలిన కియాట్ చెక్క ఇచ్చారు. జులూ భాషలో ఉమ్‌వాంగాజి అంటారు. నరికితే నెత్తురులాంటి ఎర్రని రసం కారుతుంది. పిల్లలూ, ఇక్కడ ఒక చిన్న మాట. ఈ కియాట్, మన కడప, చిత్తూరు కొండల్లో పెరిగే ఎర్రచందనం, రెండూ ఒకే జాతి చెట్లు. శాస్త్రజ్ఞులు రెండింటికీ ఒకే ఇంటిపేరు పెట్టారు, టెరోకార్పస్ అని. మా అవ్వ తల్లిదండ్రులు విడిచి వచ్చిన కొండల చెట్టుకు దాయాది ఇక్కడ బడి కొట్టులో ఉందని అప్పుడు నాకు తెలియదు.

పక్కలు వంచడం అన్నిటికంటె కష్టం. చెక్కను రేకులా పలచన చేసి, నీళ్ళలో నానబెట్టి, లోపల బ్లోలాంపు మంట పెట్టిన ఇనుప గొట్టానికి ఆనించి కొద్దికొద్దిగా నొక్కాలి. మొదటి పక్క నడుము దగ్గర ఫెళ్ళున విరిగింది. తరగతి మళ్ళీ నవ్వింది. రెండోసారి మాస్టారు నా చేతిమీద చెయ్యి వేసి, "తొందరపడకు, చెక్క మెత్తబడినప్పుడు నీ చేతికే తెలుస్తుంది" అన్నారు. నిజంగానే తెలిసింది. గట్టిగా ఎదురునిలిచినది ఉన్నట్టుండి లొంగిపోతుంది, పట్టుబట్టిన పిల్లవాడు నిద్రలోకి జారినట్టు. ఆ క్షణం కోసం ఎవరైనా ఈ పని ఒకసారి చేసి చూడవచ్చు.

బిగింపులు చాలక, అంచు పట్టీలు అతికించడానికి అమ్మ బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే బడికి చేరవేశాను. మొత్తం నలభై దాకా. అమ్మ పక్కింటి పిల్లలను అనుమానించి వాళ్ళ అమ్మతో వారం మాట్లాడలేదు. ఆ పక్కింటి ఆవిడ కూతురు ఈ సభలో ఉంది. అమ్మా, క్లిప్పులు నేనే తీశాను. జిగురు మాత్రం జంతుచర్మం ఉడికించి తీసే వజ్రం జిగురే. ఆ వాసనకు మా తరగతి పక్కన ఎవరూ నిలబడేవారు కాదు.

మెడ మెరంటి చెక్కతో చేశాను. దానిని గూర్చి చెప్పడానికేమీ లేదు, పది మందీ చేసేలాగే చేశాను. వార్నిషు గూర్చి అసలు చెప్పకపోవడమే మేలు.

ఇక మెట్లు. గిటారు మెడమీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలను ఇంగ్లీషులో ఏమంటారో మీకు తెలుసు. తెలుగులో వాటిని మెట్లు అంటారు. వీణకూ అవే మెట్లు. ఈ మెట్ల దగ్గరే నేను పడ్డాను. ఒక స్థాయిలో పన్నెండు మెట్లు. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ నడిమధ్యన ఉండాలి, అప్పుడే పై స్థాయి స్వరం పలుకుతుంది. మధ్యలోవి సమాన దూరంలో ఉండవు, పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. మాస్టారి పుస్తకంలో సూత్రం ఏమిటంటే, తీగ పొడవును 18తో భాగించు, ఒక భాగం దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్ళీ 18తో భాగించు, రెండో మెట్టు. ఇది చాలా పాత సూత్రం. గెలీలియో తండ్రి విన్‌సెంజో గెలీలీ 1581లోనే ల్యూట్ వాద్యానికి ఈ లెక్క రాశాడు. అసలు సరైన సంఖ్య 17.817. 18 వేస్తే మెట్లు కొద్దిగా వెనుకపడతాయి. ఐతే వేలితో నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి కాస్త పెరుగుతుంది గనుక ఆ లోటు చాలావరకు కప్పబడిపోతుంది. పాతవాళ్ళు ఆ లెక్కతోనే పని గడుపుకొన్నారు. కాబట్టి తప్పు పుస్తకానిది కాదు, మాస్టారిదీ కాదు.

తప్పు నాది. నా తీగ పొడవు 26 అంగుళాలు. 18తో భాగిస్తే 1.444. నా స్కేలుమీద అంగుళానికి పదహారు గీతలే. అందువల్ల అంగుళం మీద ఏడు గీతలు అనుకొన్నాను, అంటే 1.4375. ఎంత తేడా? వెంట్రుకవాసి. ఆ మెట్టు దగ్గరికి స్కేలు జరిపి, అక్కడినుంచి రెండో మెట్టు కొలిచాను. మళ్ళీ వెంట్రుకవాసి తగ్గించాను. మళ్ళీ స్కేలు జరిపాను. ప్రతిసారీ తగ్గించడమే, ఒక్కసారీ పెంచలేదు. పన్నెండో మెట్టు 13 అంగుళాల దగ్గర పడవలసింది, 12 ముప్పావు దగ్గర పడింది. నేను గమనించలేదు. చూడటానికి మెట్లన్నీ ముద్దుగా వరుసగా ఉన్నాయి. గాళ్ళు కోసి, గ్రే స్ట్రీట్‌లో కొన్న కమ్మీ దిగ్గొట్టాను. ఆ వీధిని ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ వీధి అంటున్నారు.

నవంబరులో బడిలో ప్రదర్శన పెట్టారు. టీ బల్లల మధ్య నా గిటారు నిలబెట్టారు. తల్లిదండ్రులను రమ్మన్నారు. నాయన పని నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా దారపు పీచు. వచ్చినవాళ్ళంతా నన్ను మెచ్చుకొంటున్నారు. నాయన గిటారు చేతిలోకి తీసుకొన్నాడు. బొటనవేలితో పైపలక రేఖలు తడిమాడు. చిల్లును వెలుతురు వైపు తిప్పి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత పదిలంగా బల్లమీద పెట్టి, మాస్టారికి నమస్కారం చేసి బయటికి నడిచాడు.

బస్సులో మాట్లాడలేదు. ఇంటికి రాగానే వెనుకకు పోయి రేకు ఎత్తాడు. నేను మూలనుంచి చూస్తున్నాను. తలుపులో ఒక కంత, ఆ కంతలోంచి గోడ కనబడుతోంది. కొడతాడనుకొన్నాను. కొట్టలేదు. రాత్రి అన్నం దగ్గర, పళ్ళెంలోకే చూస్తూ అన్నాడు:

"అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు. అయినా అడిగుండాల్సింది."

అంతే. ఈ యాభై ఏళ్ళలో ఆ మాటకు నాకు జవాబు దొరకలేదు.

మా అవ్వకు మాత్రం ఈ గొడవ పట్టలేదు. తలుపు పలక పోయిందని తెలిసీ, "ఏదీ, ఇట్ల తే" అని గిటారు ఒడిలో పెట్టుకొని, "సరస్వతమ్మ చేతిలో ఉండే దానికి మాదిరి మెట్లు ఉండాయే దీనికి" అంది. ఆ మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. మా అవ్వ శనివారాలు రామభజనలో గొంతెత్తి పాడేది. చదువు లేదు, సంగీతం ఎవరూ నేర్పలేదు. "నేను పాడతా, నువ్వు కొట్టు" అంది. కింద మెట్లమీద బాగానే నడిచింది. పాట పైకి లేచేసరికి అవ్వ ఆపేసింది. మళ్ళీ పాడింది, మళ్ళీ ఆపింది.

"ఏమిరా నాయనా, పైకి పోయేకొద్దీ ఇది దిగిపోతా ఉంది?"

తీగ బిగించాను. అప్పుడు కింద చెడింది. పావు అంగుళం తేడా అంటే స్వరానికి, పక్క స్వరానికి మధ్య దూరంలో సుమారు మూడో వంతు. నా చెవికి అందనిది అవ్వ చెవికి అందింది. నాకు ఏడుపు వచ్చింది. తలుపు పోయె, గిటారు రాకపాయె.

నాయన గడప మీద కూర్చొని వింటున్నాడని నేను చూడలేదు. "ఆ కమ్మీలు ఎట్ల గుర్తు పెట్టినావు?" అని అడిగాడు. చెప్పాను. పద్దెనిమిదో భాగం, స్కేలు జరపడం, అన్నీ. లెక్క ఆయనకు అర్థమయిందో లేదో గాని స్కేలు జరిపానన్న మాట దగ్గర చెయ్యి ఎత్తి ఆపాడు. లోపలికి పోయి మంచం కింది పెట్టెలోంచి ఒక తాడు తెచ్చాడు. కేటో మానర్ తోటలో సాళ్ళు గీయడానికి వాడిన తాడు. ఆ కొసన ఒక మేకు, ఈ కొసన ఒక మేకు, మధ్యలో ముడులు.

"సాలు పక్కన సాలు కొలిచి వేసినావంటే పదో సాలు పక్కవాడి తోటలో పడుతుంది. ఎప్పుడైనా మొదటి మేకు దగ్గరనుంచే కొలవాల. ముడి తప్పితే ఆ ముడి ఒకటే తప్పుతుంది."

తోట పోయిన మూడేళ్ళకు ఆయన తోట మాట మాట్లాడటం అదే మొదలు.

మరునాడు మాస్టారికి చెప్పాను. తప్పూ చెప్పాను, తలుపు సంగతీ చెప్పాను. ఆయన కొంతసేపు ఊరకుండి, 17.817 లెక్క ప్రకారం ప్రతి మెట్టు మొదటి కొస నుంచి ఎంత దూరమో ఒక పట్టిక వేసుకొమ్మన్నారు. సన్న రంపం, అంగుళానికి అరవైనాలుగు గీతల ఉక్కు స్కేలు సెలవులకు ఇంటికి ఇచ్చారు. బడి సామాను ఇంటికి ఇవ్వడం అప్పుడు తేలిక కాదు.

డిసెంబరు సెలవుల్లో నాయనా నేనూ కలిసి చేశాము. ఇస్త్రీపెట్టె వేడి చేసి ఆనిస్తే పాత మెట్ల పలక జిగురు వదిలింది. కొత్త పలకను బల్లకు బిగించి, స్కేలును రెండు చోట్ల మేకులతో కదలకుండా నిలిపాడు నాయన. నేను పట్టికలో అంకెలు చదివాను, ఆయన కత్తిమొనతో గీత పెట్టాడు. 1.459. 2.837. 4.137. నా లెక్క ఒకచోట తప్పితే గీత పెట్టకుండా ఆగి, "ఇది పక్కవాటితో కలవడంలేదు, మళ్ళీ చూడు" అన్నాడు. లెక్క చూసి కాదు, సాళ్ళు చూసిన కన్నుతో. పన్నెండోది 13 దగ్గర పడ్డప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము.

దానికి కొన్నేళ్ళ ముందు, 1963లో మొదలుపెట్టి రెండేళ్ళపాటు, లండన్ దగ్గర బ్రయన్ మే అనే కుర్రవాడు వాళ్ళ నాన్నతో కలిసి వందేళ్ళు దాటిన పొయ్యిగూటి చెక్కతో మెడ చేసి, మోటారుసైకిలు స్ప్రింగులు వేసి గిటారు చేశాడు. ఆ గిటారుతోనే 'క్వీన్' బృందంలో లోకమంతా తిరిగాడు. నా గిటారు చాట్స్‌వర్త్ దాటలేదు. రెండు పెళ్ళిళ్ళలో వాయించాను, రెండోదానికి డబ్బులు కూడా ఇచ్చారు. మిగతా అంతా అవ్వ భజనలకే. 1971లో అవ్వ పోయేదాకా శనివారం శనివారం వాయించాను. పైమెట్ల దగ్గర ఆవిడ మళ్ళీ ఆగలేదు.

తరువాత ఒకసారి, 1996లో, తెలుగుదేశం చూడాలని పోయినప్పుడు బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి వెళ్ళాను. పనస మానును తొలిచి ఏకాండి వీణలు చేసే ఊరు. ఒక పెద్దాయన ఇరవైనాలుగు మెట్లు అమరుస్తున్నాడు. నల్లని మైనపు గట్టుమీద కంచు మెట్టు పెట్టి, తీగ మీటి, చెవి ఒగ్గి, వేలితో కొంచెం జరిపి, మళ్ళీ మీటుతున్నాడు. స్కేలు లేదు, పట్టిక లేదు. "మెట్టు తప్పితే ఏం చేస్తారు?" అని అడిగాను. "మైనం వెచ్చజేసి జరుపుతాం బాబూ, మైనం ఉన్నదే అందుకు" అన్నాడు. నేను గట్టిగా నవ్వాను. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు. నా తెలుగులో ఆ కథంతా చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇవాళ మీకు చెప్పాను.

తలుపు సంగతి మిగిలింది. 1983లో ఇంటి ముందు గది కట్టుకొన్నాము. నాయన మేస్త్రీ పక్కన నిలబడి, ముందు ద్వారబంధం కొలత చెప్పి, తరువాతే గోడ లేపమన్నాడు. మూడడుగులు, ఏడడుగులు. పోయిన పలక చోట నేను కియాట్ చెక్క బిగించాను. మూడు పలకలు పసుపుచాయ, ఒకటి ఎరుపు. కొత్తగా వచ్చినవాళ్ళు అది ఏదో అలంకారం అనుకొంటారు.

గిటారు తెచ్చాను. పైపలక మీద ఒక పగులు ఉంది, తీగలు కొత్తవి, మెట్లు మాత్రం అప్పటివే. ఇప్పుడు మా మనుమరాలు మా అవ్వ పాడిన భజన ఒకటి వాయిస్తుంది. అది ఐన తరువాత పిల్లలు ఎవరైనా వేదిక పైకి వచ్చి చిల్లులోంచి లోపలికి చూడవచ్చు. కుడివైపు చూడాలి. టార్చిలైటు తెచ్చాను.